పెద్దమ్మ అడిగిన ఆ పిల్ల

ఆఫీసు పని మీద గుడివాడ వెళ్ళి తిరిగొస్తూ, పామర్రులో బందరు బస్సు కోసం నిలబడి ఉండగా అమ్మ ఫోను చేసింది. ఆసుపత్రిలో పెద్దమ్మ పోయిందని చెప్పింది. నాకు ముందు ఏడుపు రాలేదు. ఆ పిల్ల ఇంకా అడవిలోనే ఉందే అనిపించింది. ఈ మాట రాయడానికి కూడా సిగ్గుగానే ఉంది.

పెద్దమ్మ మా అమ్మకి అక్క. పిల్లల్లేరు. పెదనాన్న పోయాక బందరు ఇంట్లో ఒక్కతే ఉండేది. నాకు అక్కడ ఉద్యోగం వచ్చాక ఆవిడ దగ్గరే ఉన్నాను. ముప్పై దాటినవాణ్ణి, పెళ్ళి కానివాణ్ణి, సాయంత్రం అయ్యేసరికి గది తలుపు దగ్గరగా వేసుకుని కంప్యూటర్లో ఆటలాడేవాణ్ణి. ఎవరైనా అడిగితే ఆఫీసు పని అనేవాణ్ణి. ఓ రోజు పెద్దమ్మ పకోడీల పళ్ళెంతో లోపలికొచ్చి తెర చూసింది. చీవాట్లు తప్పవనుకున్నాను.

"ఎవర్రా ఈ పిల్ల? ఒక్కతే ఎక్కడికెళ్తోంది?" అంది.

పడవ మునిగి అన్న కనబడకుండా పోతే, ఊరూరా తిరిగి వెతుక్కుంటోందని చెప్పాను. పాపం అంటూ కుర్చీ లాక్కుని కూర్చుంది. ఆ రోజు నుంచి ఆట ఇద్దరిదీ అయింది.

అప్పటిదాకా నాకు కత్తి పట్టుకుని తిరిగే ఆటలే గొప్ప. రాక్షసుల్ని చంపాలి, బలం పెంచుకోవాలి, ఇంకా పెద్ద రాక్షసుణ్ణి చంపాలి. పెద్దమ్మకి అవి గిట్టేవి కావు. ఎంతసేపూ నరకడమేనా, కాస్త మాట్లాడి చూడొచ్చుగా అనేది. దారిలో కనబడ్డవాళ్ళని పలకరిస్తూ, దొరికిన తాడుముక్కనీ పాత తాళంచెవినీ సంచిలో వేసుకుని, ఎప్పటికో అవి పనికొచ్చే ఆటలంటే మాత్రం ప్రాణం. ఇలాంటి ఆటల్లో ఎవరింట్లోకైనా జొరబడి పెట్టెలు తెరవొచ్చు, అడిగేవాడుండడు. ఆవిడ ఒప్పుకునేది కాదు. "పిలవకుండా లోపలికెళ్ళేవాణ్ణి ఏమంటార్రా?" అనేది. చేసేది లేక నేను ప్రతి గుమ్మం ముందూ ఆగి, "ఏవండీ, ఇంట్లో ఎవరైనా ఉన్నారా?" అని తెరకి వినబడేలా అనేవాణ్ణి. నవ్వులాటగా మొదలైందేగానీ, ఇప్పుడు నా అభిప్రాయమూ అదే. ఇంట్లో పెట్టె తప్ప మనిషి లేని ఆటలు ఎంత అందంగా ఉన్నా సగంలో వదిలేస్తున్నాను.

ఇంకో నియమం ఉండేది. ఆట ఆపాలంటే ముందు ఆ పిల్లని ఏదో ఒక అరుగు మీదకి చేర్చాలి. "ఆడపిల్లని దారిలో వదిలేసి కంప్యూటరు కట్టేస్తావా?" అనేది. అన్నం చల్లారిపోయినా సరే. అలా చేర్చాక సేవ్ చేసే బటన్ ఆవిడే నొక్కేది, ఆవకాయ జాడీకి వాసెన కట్టినంత శ్రద్ధగా. వీధి తలుపు చప్పుడైతే మాత్రం ఆవిడ చేట అందుకుని బియ్యంలో రాళ్ళేరేది, నేను తెర మీదకి ఆఫీసు కాగితం తెచ్చేవాణ్ణి. ఆవిడకేం సిగ్గు లేదు. నా పరువు కోసమే ఆ చేట.

ఆ సాయంత్రం పిల్ల వానలో అడవి దాటుతోంది. ఉన్నట్టుండి పెద్దమ్మ దారి మధ్యలోనే బటన్ నొక్కేసి, ఛాతీలో ఎలాగో ఉందిరా అంది. ఆటోలో ఆసుపత్రికి తీసుకెళ్ళాను. మర్నాడు అమ్మ, మావయ్య మంచం పక్కనే ఉండగా కళ్ళు తెరిచి నన్నడిగింది.

"ఆ పిల్లని ఇంటికి చేర్చావా?"

అందరూ నావైపు తిరిగారు. నేను తల దించుకుని, పడుకో పెద్దమ్మా అన్నాను. మావయ్య వరండాలోకి తీసుకెళ్ళి, ఎవరా పిల్ల, ఎన్నాళ్ళనుంచి అని గుచ్చి గుచ్చి అడిగాడు. కంప్యూటర్లో బొమ్మ అని చెప్పేకంటే ప్రేమ వ్యవహారం అనుకోవడమే నయమనిపించింది, అదీ నా పౌరుషం.

పదోరోజు కాలవ గట్టున పిండం పెట్టారు. కాకులు తుమ్మచెట్టు మీద కూర్చుని చూస్తున్నాయేగానీ ఒక్కటీ దిగదు. ఆవిడకేదో కోరిక మిగిలిపోయిందండీ, తీరుస్తామని చెప్పుకోండి అన్నారు పురోహితుడుగారు. ఇల్లు అమ్మనని మావయ్య మొక్కాడు. కాకి కదల్లేదు. నాకు తెలుసు. అంతమందిలో నోరు పెగల్లేదు. అప్పుడు అమ్మ ముందుకొచ్చింది. సంబంధం అంటే కులం, గోత్రం, ఇంటిపేరు, వాకిలి ఏ దిక్కునుందో కూడా ఆరా తీసే మనిషి.

"అక్కా, ఆ పిల్ల ఎవరైనా సరే, ఏ కులమైనా సరే, మనింటికి తెచ్చుకుంటాం. నువ్వు తినవే."

కాకి వాలింది. అందరూ కళ్ళొత్తుకున్నారు. నాకు కాలవలో దూకాలనిపించింది.

ఇంటికొచ్చాక అమ్మ ఆ పిల్లని ఎప్పుడు చూపిస్తావని అడిగింది. కంప్యూటరు పెట్టాను. అడవిలో వాన, నెత్తిన సంచి అడ్డం పెట్టుకుని ఆ పిల్ల. ఈవిడేనమ్మా అన్నాను. ఆట సంగతీ, అరుగు సంగతీ నేల చూపులు చూస్తూ చెప్పాను.

"దీనికోసమా నేను అంతమందిలో మాటిచ్చింది?" అంది అమ్మ.

ఆట కట్టేయబోయాను. వెనక కుర్చీ లాగిన చప్పుడైంది. పెద్దమ్మ కుర్చీ.

"తడిసిపోతోందిరా. ఇచ్చిన మాట ఇచ్చాంగా, ముందు ఇంటికి చేర్చు."

నడిపించాను. అడవి చివర ఒక పెంకుటిల్లు, కిటికీలో దీపం. గుమ్మం దగ్గరికి తెచ్చానుగానీ పిలవలేకపోయాను. గుమ్మంలో పిలవాలన్న ఈ నియమం ఒక్కటే నేను అమ్మకి చెప్పలేదు. అయినా అమ్మ పైట సర్దుకుని, తెర వైపు కొంచెం వంగి, "ఏవండీ, ఇంట్లో ఎవరైనా ఉన్నారా?" అని పిలిచింది.