ఎర్ర దీపం సంజీవి మామ

మా సంజీవి మామకు లోకంలో ఒక్కటే భయం. కారు నడుపుతుంటే స్టీరింగు వెనక నూనె డబ్బా బొమ్మతో వెలుగుతుందే, ఆ ఎర్ర దీపం. అది వెలిగిందంటే బండిలో పెళ్ళివారున్నా పోలీసువారున్నా ఆయనకు లెక్కలేదు. బండి పక్కకు తీసి, ఇంజను ఆపి, "ఎల్లారూ దిగండి!" అంటాడు. అందరూ దిగేదాకా ఊరుకోడు.

"ఎర్ర లైటు చూసి కూడా నడిపేవాడు డ్రైవరు కాదు, కొలకారన్, ఖూనీకోరు!" అన్నది ఆయన సిద్ధాంతం. ఆయిల్ ప్రెజర్ లేకుండా ఇంజను తిప్పడమంటే నూనె లేని పెనం మీద దోశ పోయడమేనట. దోశ మాడితే ఇంకొకటి పోసుకోవచ్చు, ఇంజను మాడితే మీ తాత ఇస్తాడా అని ఎదురు అడిగేవాడు. మా తాతంటే ఆయనకు నాన్నే. ఆ సంగతి ఆ వేడిలో గుర్తుండేది కాదు.

మామ మా అమ్మకు తమ్ముడు. కోయంబత్తూరు పీళమేడులో మాదంతా పాత తెలుగు వీధి. అందులో ఆ చివర వాళ్ళ ఇల్లు, ఈ చివర మాది. పంపుసెట్లు చేసే కంపెనీలో పనిచేసి రిటైరయ్యాడు. నాకన్నా వయసులో పెద్దదైన తెల్ల కారొకటి ఉంది. చుట్టాల్లో ఎక్కడ శుభకార్యమైనా మామ బండి కదలాల్సిందే. కదిలాక దీపం వెలగాల్సిందే.

దీపం వెలిగాక జరిగే తంతు పూజకేమీ తీసిపోదు. ముందు ఆయిల్ కిందికి దిగేదాకా ఆగాలి. ఆ తర్వాత ఆయిల్ ఎంతుందో చూపే లెవల్ కమ్మి బయటికి లాగి, కట్టుకున్న వేష్టి అంచుకు తుడిచి, మళ్ళీ ముంచి, ఎండకెత్తి చూడాలి. రెండు వేళ్ళ మధ్య ఆయిల్ రాసి చిక్కదనం చూడాలి. వాసన చూడాలి. ఇంత అయ్యాక పసుపు గుడ్డ సంచిలోంచి ప్రెజర్ గేజి బయటికొస్తుంది. ఇంజనుకు పక్కనున్న ఆయిల్ స్విచ్చి విప్పి, ఆ రంధ్రంలో గేజి గొట్టం బిగించి, స్టార్ట్ చేసి ముల్లు వైపు చూస్తాడు. "లైటు అబద్ధం చెప్తుంది, ముల్లు చెప్పదు" అంటాడు. ముల్లు ప్రతిసారీ బాగానే లేచేది. అయినా, "ఇప్పటికి సరే. కాని నమ్మలేము" అని బానెట్ మూసేవాడు.

ఆ సంచి లేకుండా ఆయన బండి గుడికి కూడా కదలదు. మా మీనాంబాళ్ అత్త బాధ వేరు. "ఊళ్ళో మగవాండ్ల వేష్టికి జరీ అంచు ఉంటుంది. ఈయన వేష్టికి ఆయిల్ అంచు!" అని వచ్చిన వాళ్ళందరికీ చూపించేది.

కన్న కొడుకు నందకుమార్ పెళ్ళికీ మినహాయింపు లేదు. పెళ్ళికొడుకుతో మండపానికి పోతుంటే దీపం వెలిగింది. మేళంవాళ్ళు వాయించుకుంటూ ముందుకు వెళ్ళిపోయారు. పెళ్ళికొడుకు ఓ స్కూలు గేటు ముందు నిలబడిపోయాడు.

"నాయనా, ముహూర్తం దాటిపోతుండాది!" అన్నాడు నందకుమార్.

"ముహూర్తం ఇంకొకటి చూసుకోవచ్చు. ఈ కమ్మి పట్టుకో. పట్టు చొక్కాకు తగిలించొద్దు."

ఆ పెళ్ళి ఫొటోల్లో మొదటిది, బాసికం కట్టుకొని లెవల్ కమ్మి పట్టుకున్న వరుడిది.

ఆయనకు మనుషులూ ఇంజన్లే. ఒకసారి ఆసుపత్రిలో జెనిఫర్ అనే నర్సు ఆయన చేతికి పట్టీ చుట్టి, బీపీ కొంచెం ఎక్కువుందని చెప్పింది. మామ గంభీరంగా, "ఇది ఇంజన్ చల్లగా ఉన్నప్పుడా, వేడెక్కినాకనా?" అని అడిగాడు. ఆ అమ్మాయి పట్టీ విప్పేసి పెద్ద డాక్టరును పిలవడానికి పరిగెత్తింది.

నేనూ ఆయన్ని వదిలేదాన్ని కాదు. ఆ దీపానికి ఓ చిత్రమైన గుణం ఉండేది. పొదల మధ్యా, బీళ్ళ మధ్యా ఎప్పుడూ వెలిగేది కాదు. మంచి హోటలో, పెట్రోలు బంకో, తెలిసినవాళ్ళ ఇల్లో దగ్గరపడితేనే వెలిగేది. "మామా, నీ ఇంజన్‌కు ఆయిల్ కాదు, ఫిల్టర్ కాఫీ తక్కువ" అనేదాన్ని. మామ మీసాల్లో నవ్వుకొని వేష్టి దులుపుకునేవాడు.

ఇట్లా ఉండగా, మదురైలో కాపురముంటున్న మా చెల్లెలు కృత్తికకు వళైకాప్పు పెట్టారు. కడుపుతో ఉన్న పిల్లకు గాజులు తొడిగే ఆ వేడుకలో, మొదటి గాజు అమ్మే తొడగాలని కృత్తిక ఫోనులో పట్టుబట్టింది. నేను అప్పుడే కొత్తగా బ్యాటరీ కారు కొని ఉన్నాను. దాని గొప్పలు చెప్పుకోవడానికి ఇంతకన్నా మంచి సమయం దొరకదనుకున్నాను.

"అమ్మా, ఈసారి నా బండిలో పోదాం. ఒకసారి ఛార్జ్ చేస్తే మదురై దాకా ఎక్కడా ఆగక్కర్లేదు!"

అమ్మ తాగుతున్న కాఫీ కింద పెట్టింది. "ఎక్కడా ఆగదా?"

"ఆగదు. ఆయిల్ లేదు, ఇంజన్ లేదు. మామ గోల కూడా లేదు."

"అట్లయితే మీరు పోయి రండి. నాకు మోకాళ్ళు నొప్పిగా ఉండాయి."

"మరి మామ బండిలో అయితే?"

"అందులో అయితే వస్తా," అంది కాంతమ్మాళ్, అంటే మా అమ్మ, ఏ మోకాళ్ళూ అడ్డురానట్టు.

నాకు రోషం వచ్చింది. దారంతా ఆగుతూ పోయే ఆ డొక్కు బండి మీద ఇంత ప్రేమ ఉంటే, ముందు దాని జబ్బే కుదిర్చేద్దామనుకున్నాను. మామ పోకచెక్కల బేరం చూసేందుకు బస్సులో మేట్టుపాళయం పోయిన రోజు చూసి వాళ్ళింటికి వెళ్ళాను. అత్త తాళం, పసుపు సంచి ఇచ్చింది కాని, ఆమె ముఖం ఎందుకో ఇచ్చినట్టు లేదు.

మామ నేర్పిన వరసలోనే చూశాను. లెవల్ సరిగ్గా ఉంది. ఆయిల్ చిక్కగా, శుభ్రంగా ఉంది. గేజి బిగిస్తే, చల్లగా ఉన్నప్పుడూ వేడెక్కాకా ముల్లు నిటారుగా నిలబడింది. ఇంజనుకు ఏ జబ్బూ లేదు. ఇక మిగిలింది దీపానికి పోయే తీగ. దాన్ని వేలితో తడుముకుంటూ డాష్‌బోర్డు కిందికి తల దూర్చాను. దారిలో ఆ తీగకు ఇంకో తీగ అతికించి ఉంది. దాని కొసన, డ్రైవరు మోకాలికి అందేలా, ఇళ్ళ గుమ్మాలకు పెట్టే కాలింగ్ బెల్ బటన్ ఒకటి!

నొక్కాను. ఎర్ర దీపం వెలిగింది. వదిలాను. ఆరిపోయింది.

"అత్తా! ఏంది ఇది?"

అత్త గుమ్మంలోంచి దిగి వచ్చి కారు తలుపు పట్టుకుంది. "అరవొద్దు దేవీ కన్నూ. మీ అమ్మ బీపీకి నీళ్ళ మాత్ర మింగుతుంది కదా? గడియకొకసారి బాత్రూముకు పోవాల. మగవాండ్లు నిండిన బండిలో 'ఆపండి' అనేదానికి ఆమెకు నోరు రాదు. ఒకసారి కల్యాణానికి బస్సులో పోయి, పళని దాకా పళ్ళ బిగువున ఓర్చుకొని, దిగినాక ఏడ్చేసింది. ఆ పొద్దు నుంచి ఎక్కడికీ రానని కూర్చుండె."

"అప్పుడు?"

"మీ మామ ఒక్క మాట అడగలే. మరునాడు బజారుకు పోయి ఈ బటన్ కొనుక్కొచ్చె."

నేను కారులో అలాగే కూర్చుండిపోయాను. కాఫీ హోటళ్ళు, పెట్రోలు బంకులు, నందకుమార్ పెళ్ళినాటి స్కూలు గేటు, అన్నీ వరసగా కళ్ళముందు తిరిగాయి. ప్రతి చోటా శుభ్రమైన బాత్రూము ఉంది. ప్రతిసారీ ఆ బండిలో అమ్మ ఉంది.

"అమ్మకు ఈ బటన్ సంగతి తెలుసా?"

"తెలీదని మీ మామ అనుకుంటాడు. తెలుసని నేను అనుకుంటా," అంది అత్త.

అన్నీ యథాప్రకారం బిగించేసి, ఏమీ ఎరగనట్టు ఇంటికి వచ్చాను.

వళైకాప్పు రోజు తెల్లవారగానే గాజుల పెట్టె ఒళ్ళో పెట్టుకొని అమ్మ మామ బండెక్కింది. మామ స్టార్ట్ చేశాడు. ఎర్ర దీపం వెలిగింది. ఆరలేదు.

"నేను నొక్కలేదే!" అనేశాడు మామ.

అత్త గట్టిగా దగ్గింది. మామ కిందికి దూకి కమ్మి లాగి చూశాడు, గేజి బిగించాడు. ముల్లు పడుకున్నది పడుకున్నట్టే ఉంది. ఇన్నాళ్ళూ అబద్ధమాడిన దీపం ఆరోజే నిజం చెప్పింది. జీవితమంతా పంపులు చేసిన మనిషి బండిలో ఆయిల్ పంపు పోయింది! మామ బానెట్ మీద చెయ్యి వేసి, అక్క ముఖం వైపు చూడలేక నిలబడ్డాడు.

అమ్మ దిగి, గాజుల పెట్టె నా చేతిలో పెట్టింది. "నీ బండిలో మీరు పోయి రండి. కృత్తికకు నేను ఫోనులో చెప్తా." గొంతు మామూలుగానే ఉంది. పెట్టె మీద చెయ్యి మాత్రం తియ్యలేదు.

"లేదమ్మా," అన్నాను. "నా బండిలో కూడా ఆ ఎర్ర లైటు వస్తుండాది."

"అందులో ఆయిలే లేదంటివే?"

"లేదు కాబట్టే లైటు వస్తుండాది!"

మామ నా వైపు చూశాడు. ఆయన మీసం కదిలింది. "ఆమా, అవునక్కా! ఆయిల్ ఉండే బండికే లైటు వస్తే, లేని బండికి రాకుండా ఉంటుందా? నువ్వెక్కు. నేను సంచి తెస్తా."

అమ్మ మా ఇద్దరి ముఖాలూ మార్చి మార్చి చూసింది. తర్వాత పెట్టె తీసుకొని నా బండెక్కింది.

దారాపురం దాటాక ఓ మంచి హోటల్ కనిపించింది. "మామా, లైటు!" అన్నాను. నా ముందున్న తెర మీద దారి పటమూ, పాటల పేర్లూ తప్ప ఏమీ లేవు.

"ఆపు, ఆపు! కొలకారి!" అని మామ కేకేశాడు. దిగి బానెట్ ఎత్తాడు. అందులో ఆయనకు తెలిసిన వస్తువు ఒక్కటీ లేదు. వెతికి వెతికి, అద్దం తుడిచే నీళ్ళ డబ్బా మూత తీసి, అందులో వేలు ముంచి, వేష్టి అంచుకు తుడిచాడు. "బాగా తక్కువ. కొంచం ఆగాల."

"పావం, కొత్త బండి," అంటూ అమ్మ, అత్త హోటల్లోకి నడిచారు. ఒట్టన్‌చత్రంలో మళ్ళీ లైటు వచ్చింది, మళ్ళీ వేలు మునిగింది.

దిండిగల్ దగ్గరపడుతుంటే నేను హోటల్ కోసం చూస్తున్నాను. వెనక సీట్లోంచి అమ్మ గొంతు సవరించుకుంది.

"దేవీ, లైటు వచ్చినట్టుండాదే?"

అమ్మ కూర్చున్న చోటికి తెర కనిపించదు. మామ అప్పటికి కళ్ళు మూసుకొని గురక పెడుతున్నాడు. కళ్ళు తెరవకుండానే, "ఆమా అక్కా, నాకూ అగుపడింది," అన్నాడు.

మదురై మండపానికి ఆలస్యంగానే చేరాం. అమ్మ గబగబా వెళ్ళి కృత్తిక చేతికి మొదటి గాజు తొడిగింది. ఎందుకింత సేపయిందని మా మరిది, కృత్తిక మొగుడు శబరి అడిగాడు.

"ఆయిల్ ప్రెజర్ తక్కువై పాయ మాప్పిళ్ళై," అంది అమ్మ.

"బ్యాటరీ బండికి ఆయిల్ ప్రెజర్ ఏంది అత్తా?"

అమ్మ రెండో గాజు చేతిలోకి తీసుకుంది. "మీకు తెలీదు. మా తమ్ముడు వేలు పెట్టి చూసినాడు."

పక్కనే మామ, నీళ్ళ తడి తప్ప ఒక్క మరకా లేని వేష్టి అంచును మా అత్తకు గర్వంగా చూపిస్తున్నాడు.