మా అరుగు మీద రెండు పిలుపులు

మా కోడలు పోయిందని ఫోనొచ్చినప్పుడు నేను కాఫీ తోటలో కలుపు తీస్తున్నాను. మా ఊళ్లో సిగ్నలు అందేది చర్చి మెట్ల మీద ఒక్కచోటే. అక్కడ మా తోటికోడలు ఫోను ఎత్తింది. తను తోటలోకి వస్తుంటే దూరం నుంచే చూశాను. దారంతా బురద, అయినా చీర ఎత్తి పట్టుకోలేదు. అంచు ఈడ్చుకుంటూ వస్తోంది. నేను కలుపు ఆపి లేచి నిలబడ్డాను.

"జొరం తగ్గిందేటి?" అని నేనే అడిగాను.

"తగ్గనేదప్పా," అంది. నా చేతిలో కొడవలి తీసేసుకుంది. నాకు అర్థమైపోయింది.

చదివేవాళ్లు క్షమించాలి. నాది ఐదో తరగతి చదువు. హాస్టల్ పుస్తకంలో వేస్తాం, మీ కోడలి గురించి మీ మాటల్లోనే రాయండి అని మా కోడలు పనిచేసిన హాస్టల్ వార్డెనమ్మ అడిగింది. అడిగిన దగ్గర్నుంచీ బెంగే. తప్పు రాస్తే పిల్లలు నవ్వుతారేమో, తక్కువ రాస్తే దానికి అన్యాయం చేసినదాన్ని అవుతానేమో. నేను పుట్టుకతోనే ఇంతే. బస్సు ఆలస్యమైతే లోయలో పడిందనుకుంటాను. మేక దగ్గితే మందంతా పోతుందనుకుంటాను. మా కోడలు కాపురానికొచ్చిన కొత్తలో నన్ను చూసి బిత్తరపోయింది. తర్వాత తెలివి నేర్చింది.

"ఈ పూటకి ఒక్క బెంగే అత్తా. ఏది కావాలో ఏరుకో. మిగిలినయి రేపటికి దాసుకో," అనేది.

నేను నిజంగానే కూర్చుని ఏరుకునేదాన్ని. ఏరుకుంటూ ఉంటే నవ్వొచ్చేది.

నా కొడుకు సిల్వర్ ఓక్ చెట్టుకి పాకిన మిరియాలు కోస్తూ పైనుంచి పడి చనిపోయాడు. పిల్లల్లేరు. కోడలి పుట్టింటివాళ్లు వచ్చారు. మాలో అది తప్పు కాదు, మొగుడు పోయిన పిల్ల పుట్టింటికి పోవచ్చు, మళ్లీ మనువాడొచ్చు. దాని అన్న బయట నిలబడి మూట కట్టుకోమన్నాడు. అది తిరగలి దగ్గర చోళ్లు విసురుతూ తల కూడా ఎత్తలేదు. "మొగుడు పోయాడు గానీ అత్త పోనేదు గదా అన్నా," అంది. అంతే. ఆ మాట మీద ఆ ఇంట్లో మేమిద్దరం ఎన్నో వానాకాలాలు గడిపాం.

వంట మాత్రం దాని చేతిలో ఏముండేదో. సీజన్లో అరకు హోటల్‌కి కూలికి వెళ్లి బొంగులో చికెన్ కాల్చేది. దాని చేతి వంట తిన్నవాళ్లు మళ్లీ అడిగేవారట. ఎప్పుడో ఆడపిల్లల హాస్టల్లో వంటమనిషి పనికి కూడా అర్జీ పెట్టింది. పెట్టి మరిచిపోయాం.

ఇక్కడ మా పద్ధతి ఒకటి చెప్పాలి. మా కొండల్లో పిల్లని అడగడానికి వచ్చేవాళ్లు సారా కుండ తెచ్చి అరుగు మీద పెడతారు. ఇంటి పెద్ద ఆ కుండ ఎత్తి లోపల పెడితే పిల్లని ఇచ్చినట్టు. అరుగు మీదే ఉంచితే ఇంకా ఆలోచిస్తున్నట్టు. అందుకని ఏదో ఒకటి తేల్చుకునేదాకా ఎవరూ ముట్టుకోరు.

ఓ రోజు కోడలు చేలో ఉండగా ఆటో ఒకటి వచ్చింది. హోటల్ మేనేజరు పంపాడని డ్రైవరు ఒక కవరు అరుగు మీద పెట్టాడు. హోటల్లో పనిచేసే ఆడవాళ్లు కట్టుకునే చీర, దాని మీద స్వీట్ల డబ్బా. "పై నెల నుంచి పర్మినెంటుగా రమ్మన్నారు," అని కేకేసి ఆటో తిప్పేశాడు.

నేను అరుగుకి దూరంగా జరిగాను. కోడిపెట్ట వచ్చి కవరు మీద కూర్చుంది. కర్రతో దూరం నుంచే అదిలించాను. ఇంతలో చినుకులు. తడిస్తే చీర పాడైపోతుంది, లోపల పెడితే మాటిచ్చేసినట్టు. ఏం చెయ్యను? గొడుగు విప్పి కవరు మీద బోర్లించి పక్కన కూర్చున్నాను.

కోడలు వచ్చేసరికి నేను ముద్దయిపోయాను.

"ఏటత్తా, సీరకి గొడుగేసి నువ్వు తడుత్తన్నావు?"

"ముట్టుకుంటే మాటిచ్చేసినట్టు గాదేటే!"

"నన్నిప్పుడు హోటలు పెళ్లాడతాదేటి?" అని కూలబడి నవ్వింది. కళ్లంట నీళ్లు కారేలా నవ్వింది. నేను తిట్టాను. తిట్టేసరికి నవ్వు ఆపి, తన పైటతో నా తల తుడిచింది. "నువ్వన్నదీ నిజవేలే. ముట్టుకోవద్దు. ఆలోసిద్దాం," అంది.

ఆ వారం సంత రాకముందే, వంటపనికి రమ్మని పోస్టులో హాస్టల్ కాగితం వచ్చింది. మాకు చాలా దూరం, సీలేరు దాటి డొంకరాయి వైపు. అక్కడే ఉండాలి, నెలకోసారి ఇంటికి రావచ్చు. దాన్నీ చీర పక్కనే అరుగు మీద పెట్టి, ఎగిరిపోకుండా రాయి పెట్టింది. ఒకే అరుగు మీద రెండు కుండలు! పిల్ల విషయంలో అలా జరిగితే కర్రలు లేస్తాయి. నాకు ముద్ద దిగలేదు.

హోటల్లో జీతం ఎక్కువ. పొద్దున వెళ్లి సాయంత్రానికి నా దగ్గరే ఉంటుంది. నాకు కావలసింది అదే, దాచుకోవడం ఎందుకు. హాస్టల్ అంటే అడవి దారి, మలుపులు, బండరాళ్లు జారే వానలు, నది. నా బెంగలన్నీ ఒకేసారి చెప్పేశాను. ఆ పూట ఒక్కటే ఏరుకోమని అది అనలేదు. అన్నీ విన్నది.

"అత్తా, హోటల్లో తినీవోళ్లు మన కూర నచ్చకపోతే పక్క హోటల్‌కి ఎల్తారు. ఆ హాస్టలు ఆడగుంటలు ఎక్కడికెల్తారు? ఆలకి ఇంకో వంటిల్లు నేదు. నాను సదివినప్పుడు హాస్టల్లో పప్పు నీళ్లే. బువ్వ ముందు కూకుని ఇంటికోసం ఏడిసీదాన్ని."

"మరి నానేటైపోవాలే?"

అది కాగితం మీది రాయి సర్దింది. "నాకూ బయ్యంగానే ఉంది," అంది తర్వాత. "నిన్నొగ్గేసి ఎల్లడమంటే నాకు మాత్రం సరదానా? పెద్దదానివి నువ్వు. ఏది లోపలెట్టాలో నువ్వే ఎట్టు. హోటలన్నా ఎల్తాను, కోపం రాదు. ఒట్టు."

దాని మొహం చూశాను. కోపం రాదు, అది నిజమే. వంట కూడా బాగానే చేస్తుంది. కానీ దాని కళ్లు రాయి కింద రెపరెపలాడుతున్న ఆ కాగితం మీదే ఉన్నాయి. నేను వెళ్లి రాయి తీశాను. కాగితం పట్టుకుని గడప దాటాను. లోపలికి వెళ్లాక ఏడ్చాను. అది వెనకే వచ్చి నన్ను పట్టుకుని తనూ ఏడ్చింది. అదేమిటో, ఏడుస్తూనే ఆ రోజు ఇద్దరం కడుపునిండా తిన్నాం.

వద్దన్న కుండని ఖాళీగా తిప్పి పంపకూడదు. చీర మడత చెదరకుండా, స్వీట్ల డబ్బా విప్పకుండా, వాటి మీద మా పెరటి రాజ్మా గింజలు పోసి ఇద్దరం హోటల్‌కి వెళ్లాం. మేనేజరు కొండ దిగువన విశాఖ వైపు నుంచి వచ్చిన కుర్రాడు, మంచివాడు. "చీర వాపసిస్తున్నారు, సరే. ఈ గింజలెందుకమ్మా?" అన్నాడు.

"ఒట్టి సేతుల్తో కాదనకూడదు బాబూ," అంది కోడలు.

"మావైపు పనికి రాననేవాళ్లు ఫోనెత్తడం మానేస్తారమ్మా," అన్నాడతను. మాకు టీ ఇచ్చి బస్టాండు దాకా తోడొచ్చాడు. కోడలు పోయిందని తెలిసి మొన్న మా ఇంటికీ వచ్చాడు.

హాస్టల్లో ఉన్నది ఏడాది కూడా నిండలేదు. నెలకోసారి వచ్చేది. వచ్చిన రోజంతా ఆ గుంటల కబుర్లే. ఒకతి ములక్కాడలు నమిలి బల్ల కింద దాస్తుందట, ఇంకొకతి కలలో కూడా ఉప్మా వద్దంటుందట. ఎప్పుడూ అంత వాగుడు లేదు దానికి. మొగుడు పోయాక దాని గొంతు అంత పైకి లేవడం నేను మళ్లీ అప్పుడే విన్నాను. అది వెళ్లిపోయాక ఇల్లు చిన్నబోయేది గానీ, నాకు పడుకుంటే నిద్రపట్టేది. నమ్ముతారా? నాకు నిద్ర!

మొన్న వానలకి పిల్లలకి జ్వరాలు వచ్చాయి. తర్వాత దానికి వచ్చింది. తలకెక్కింది. పెద్దాసుపత్రికి తీసుకెళ్లారు. నేను మర్నాటి బస్సు పట్టుకునే లోపే అయిపోయింది.

హోటల్‌కే పంపి ఉంటే బతికేది గదా అని మా ఊళ్లో ఒకళ్లిద్దరు అన్నారు. వాళ్లు అనకముందే నేను వెయ్యిసార్లు అనుకున్నాను. జ్వరం అరకులో లేదా, మా ఊళ్లో రాదా అని మనసుకి చెప్పుకుంటాను. చెప్పినంతసేపు వింటుంది. ఆ కాగితం బరువు ఇప్పటికీ నా వేళ్లకి తెలుస్తోంది. కానీ అరుగు మీద కూర్చున్న దాని మొహం గుర్తొచ్చినప్పుడు మాత్రం, నా చేతులు ఇంకో పని చేసి ఉండేవి కావని తెలుస్తుంది. తెలిసినా ఏడుపు ఆగదు.

పెద్దదినం నాడు వార్డెనమ్మ జీపులో కొంతమంది పిల్లల్ని తీసుకొచ్చింది. బియ్యం, పప్పు, పెద్ద అల్యూమినియం డేగిసా వాళ్లే తెచ్చారు. నన్ను పొయ్యి దగ్గరికి రానివ్వలేదు. వాకిట్లో మూడు రాళ్లు పెట్టి వాళ్లే వండారు. పొగకి దగ్గుతూ, ఒకరినొకరు కసురుకుంటూ. కొంతసేపటికి ఒక పిల్ల వంగి, మూత దగ్గరగా చెవి పెట్టింది.

"ఏటే గుంటా, సెవి కాల్సుకుంటావు!" అని అరిచాను.

"వంటక్క ఇలాగే ఇనీదవ్వా. ఇంత పెద్ద మూత ఊరికే ఎత్తకూడదంట. సప్పుడు మారితే బువ్వ అయినట్టు."

మా ఇంటి చిన్న కుండకి ఆ అవసరం లేదు. ఇది కోడలు హాస్టల్లో నేర్చుకున్న పని. నా దగ్గర లేని రోజుల్లో నేర్చుకుంది. నాకు తెలియనే తెలియదు.

నేను లేచి వెళ్లి వాళ్ల మధ్య కూర్చున్నాను. పిల్ల జరిగి చోటిచ్చింది. వంగి చెవి పెట్టాను. ఆవిరి చెంపకి కొట్టింది. పిల్ల నా మొహంలోకి వంగి చూసింది.

"అయిందేటవ్వా?"

"ఉండండే," అన్నాను. "ఇంకా ఉడుకుతంది."