గేటు వైపు మూతి తిప్పిన జిప్సీ

దయ్యాలంటే నాకు మొదటి నుంచీ నమ్మకం లేదు. మా చర్చివాళ్లలో ఏ ఆడమనిషి పోయినా స్నానం చేయించేది నేనే. శవం పక్కన ఒక్కదాన్నే కూర్చుని తెల్లవార్లూ మేలుకున్నాను. ఏనాడూ ఏదీ కదల్లేదు. నాకు సంతకం వరకే వచ్చు. నేను చెప్తుంటే మా బిడ్డ సునీత రాస్తోంది.

మా ఆయన పోలీసు డ్రైవరు. దొంగలను తరిమిన తెల్ల జిప్సీ జీపుని ఇక పనికిరాదని వేలం వేస్తే, ఆయనే పాడుకుని తెచ్చుకున్నాడు. సైరనూ వైర్‌లెస్సూ పీకేసి ఇచ్చారు. కప్పు మీద లైటు బిగించిన బొక్కలు మాత్రం మిగిలాయి. శామీర్‌పేటలో మా ఇంటి పక్కన రేకుల షెడ్డులో పెట్టి రోజూ తుడిచేవాడు.

ఎప్పుడు పెట్టినా బండిని వెనక్కి తోలి, మూతి గేటు వైపు ఉండేలా పెట్టేవాడు. పోలీసు డ్రైవర్ల అలవాటే అదట. "పిలుపొచ్చినంక నువ్వు బండి తిప్పుకునేసరికి దొంగ మేడ్చల్ దాటుతడే," అని నన్ను ఎగతాళి చేసేవాడు.

ఆయన పోయాక షెడ్డు ఉన్న జాగాను దాని ఆసామి ప్లాటుగా అమ్మేశాడు. మేం ఖాళీ చేయాలి. తుక్కు కొనేవాడు వచ్చి, ముక్కలుగా కోసి తీసుకుపోతానన్నాడు. ఆ మాట నేను వినలేకపోయాను. అంతలో బౌరంపేట్ నుంచి ప్రసాద్ గారని ఒకాయన వచ్చారు. కోస్తా వైపు మనిషి. పాత పోలీసు బండ్లంటే ఆయనకు ప్రాణమట, కొని బాగుచేయించి దాచుకుంటారట. ఆయన తీసుకుంటే బండి బతుకుతుంది. లేదంటే ముక్కలే.

ఆయన మనుషులు బండిని వాకిట్లోకి తోసి చూశారు. ఇంతలో వాన మొదలైంది. ఆదరాబాదరాగా మూతి గోడ వైపు ఉండగానే లోపలికి తోసేశారు. రేపు లారీ తెస్తామని వెళ్లిపోయారు. నేనే తాళం వేసి, చెవి కొంగుకు ముడేసుకున్నాను. బండిలో బ్యాటరీ లేదు. వెనక టైర్లలో గాలి సగమే.

తెల్లారి తలుపు తీస్తే బండి మూతి నా ఎదురుగా ఉంది.

ఆ షెడ్డు ఎంత ఇరుకంటే, ఒక పక్క డోరు కూడా తెరవరాదు. తిప్పాలంటే వాకిట్లోకి తేవాల్సిందే. వాకిలంతా రాత్రి వానకు ఆరని బురద. అందులో కోడి కాళ్ల గుర్తులున్నాయి గానీ, టైరు గుర్తు ఒక్కటీ లేదు.

"అమ్మా, నిన్న మూతి గోడ దిక్కే కద పెట్టిన్రు?" అంది సునీత.

"గోడ దిక్కే."

"ఆ సారుకు చెప్పకు. చెప్తే లారీ కంటే ముందు ఆయనే ఉరుకుతడు."

నాకు మనసొప్పలేదు. ప్రసాద్ గారు రాగానే ఉన్నదంతా చెప్పేశాను.

"మీరే తిప్పించారనుకున్నానమ్మా," అన్నారు.

"తాళంచెవి నా కొంగుకే ఉండె సారూ. వద్దనుకుంటే వద్దనుండ్రి, నేనేం అనుకోను. దాసిపెట్టి అమ్మలేను."

ఆయన బండి చుట్టూ చూసి, వంగి బురద చూశారు. తర్వాత, "మీ ఆయన దీన్ని ఏమని పిలిచేవారండీ?" అని అడిగారు.

"పిల్ల అనెటోడు సారూ. నా పిల్ల అని."

"నన్నెన్నడన్న గట్ల పిలిచిండా?" అంది సునీత.

ప్రసాద్ గారు నవ్వారు. "సరేనమ్మా, పిల్లని పంపించండి. మా ఇంట్లో దీన్నెవరూ కొయ్యరు," అన్నారు.

ఎవరో ఆకతాయిలు ఎత్తి తిప్పి ఉంటారని చుట్టుపక్కల వాళ్లు అంటారు. తాళమేమో వేసింది వేసినట్టే ఉంది. దయ్యమని నేను ఇప్పటికీ అనను. ఒకవేళ మా ఆయనే అయితే, అమ్మొద్దని కోపం చేశాడో, మూతి గేటు వైపు తిప్పి బండిని సాగనంపాడో నాకు తెలియదు. ఆ పొద్దున మాత్రం సాగనంపాడనే అనుకుని తాళంచెవి ప్రసాద్ గారి చేతిలో పెట్టాను. నేను అనుకున్నది నిజమో కాదో చెప్పగలిగిన మనిషి మా ఆయనొక్కడే.