కోర్టు ఇచ్చిన వకీలు

అశోక్‌నగర్‌లో ఒకే గది కిరాయికి తీసుకుని, చిక్కడపల్లిలో ఒకే సీనియర్ దగ్గర జూనియర్లుగా పనిచేసేవాళ్లం నేనూ, నా మిత్రుడూ. తొంభైల మొదటి సంవత్సరాలవి. ఒక రోజు హైకోర్టు నుంచి వాడికి కాగితం వచ్చింది. యావజ్జీవం పడిన ఒక ఖైదీ జైలు నుంచే అప్పీలు పంపుకున్నాడు. వకీలును పెట్టుకునే స్తోమత లేదు కాబట్టి కోర్టే నా మిత్రుణ్ణి నియమించింది.

నాకు ఒళ్లు మండింది. వాడికంటే ఆరు నెలలు ముందు నల్లకోటు వేసుకున్నవాణ్ణి నేను. నేనేమో సీనియర్ కేసుల్లో వాయిదాలు అడుక్కుంటూ తిరగాలి, వీడు ఇద్దరు జడ్జీల ముందు సొంత పేరుతో నిలబడతాడట! ఆ సంతోషంలో వాడు నన్ను నారాయణగూడ తీసుకెళ్లి చాయ్ తాగించాడు. భుజం తట్టి మెచ్చుకున్నాను. కడుపులో మాత్రం మంటే.

మాకు తెలిసినంతలో, ఇలా నియమించిన వకీళ్లెవరూ ఖైదీని చూసేవాళ్లు కాదు. కోర్టు పంపిన కేసు కాగితాలు చదివి వాదించడమే. తన వకీలు ఎలా ఉంటాడో ఖైదీకీ తెలియదు, ఇంట్లోవాళ్లకీ తెలియదు.

ఒక ఆదివారం ఆఫీసులో నేనొక్కణ్ణే ఉండగా అంబర్‌పేట్ నుంచి ఒకామె వచ్చింది. ఆ ఖైదీకి అక్కనని, ఎక్కడెక్కడో అడిగి ఆఫీసు పట్టుకున్నానని చెప్పింది.

"మా తమ్మునికి కోర్టు ఇచ్చిన వకీలు మీరేనా సార్?"

"నేనే," అన్నాను. ఎందుకన్నానో తెలియదంటే అబద్ధం. ఒక్క పూటైనా ఆ కేసు నాది కావాలి, అంతే.

ఆమె సంచిలోంచి ఒక తీర్పు నకలు తీసింది. తమ్ముడితోపాటు నిందితుడైన ఇంకొకడు పరారీలో ఉండి తర్వాత దొరికాడట. తమ్ముడికి శిక్ష పడేలా చెప్పిన సాక్షే అతని విచారణలో, చీకట్లో ఎవరినీ గుర్తుపట్టలేదని ఒప్పుకున్నాడు. అతన్ని వదిలేశారు. మావాడి దగ్గరున్న కాగితాల్లో ఈ సంగతే లేదు. తల్లి మంచం పట్టిందనీ, కొడుకును చూడాలని ఒకటే కలవరిస్తోందనీ కూడా చెప్పింది. నేను చూసుకుంటానని పంపించాను.

ఆ నకలు నా పెట్టెలో బట్టల కింద మూడు వారాలు ఉంది. రోజూ ఇచ్చేద్దామనే అనుకునేవాణ్ణి. గదికి రాగానే వాడు అద్దం ముందు నిలబడి "మై లార్డ్స్" అంటూ ప్రాక్టీసు చేస్తుండేవాడు. గెలిస్తే వీణ్ణి పట్టగలమా అనుకుని ఊరుకునేవాణ్ణి.

మే నెల వేసవి సెలవులు రేపనగా కేసు పిలిచారు. వాడు తడబడ్డాడు. అప్పీలు కొట్టేసేలా ఉన్నారు జడ్జీలు. ఇక ఉండబట్టలేక వెనకనుంచి లేచి ఆ నకలు వాడి చేతిలో పెట్టాను. ఎప్పుడొచ్చిందిరా ఇది అని మెల్లగా అడిగాడు. ఈ పొద్దున్నే అన్నాను. జడ్జీలు అది చూసి, ప్రభుత్వం జవాబు కోసం సెలవుల తర్వాతకు వాయిదా వేశారు. మూడు వారాల ముందు ఇచ్చి ఉంటే సెలవులకు ముందే తేలిపోయేది.

జూలైలో వాడు గెలిచాడు. ఖైదీ విడుదలయ్యాక అక్కాతమ్ముళ్లిద్దరూ ఆఫీసుకు వచ్చారు. నా మిత్రుడు పక్కనే ఉన్నా, ఆమె మొదట నాకే దండం పెట్టింది. సిగ్గు విడిచి చెబుతున్నాను, లోపల పొంగిపోయాను.

అమ్మ ఎట్లా ఉందని అడిగాను.

"మే నెలల పోయింది సార్," అంది. "మీరైతే జల్దీనే చేసిన్రు. అమ్మనే ఆగలేకపోయింది."