సుబ్బరాజు గారి నిమ్మకాయ

సుబ్బరాజు గారు భూమిని నమ్మరు. నిమ్మకాయను నమ్ముతారు.

కొండల్లో డేరా వేయాలంటే మిగతావాళ్లు నీడ చూస్తారు, గాలి చూస్తారు, ఎదుట లోయ కనిపిస్తుందా అని చూస్తారు. ఆయన జేబులోంచి ఒక నిమ్మకాయ తీసి నేల మీద పెడతారు. చేతులు వెనక్కి కట్టుకుని ఇరవై లెక్కపెడతారు. కాయ కదలకపోతే అక్కడ డేరా. కదిలితే, "లేవండి." మేం ఇంకా కూర్చోకపోయినా "లేవండి" అనే అంటారు.

ఆయనది భీమవరం దగ్గర ఊరు. పాతికేళ్లుగా షార్జాలో ఉంటున్నారు. కట్టడాల కంపెనీలో అంచనాలు వేసే ఇంజనీరు. అల్ నహ్దాలో మా పై అంతస్తు. 2021 చలికాలంలో మొదలయ్యాయి మా కొండల ప్రయాణాలు. ఆయన, ఆయన భార్య బాలత్రిపురసుందరి గారు, నేను, ఆసుపత్రిలో నర్సు అయిన నా భార్య హెప్సీ, మా ఆఫీసులో పనిచేసే కరీంనగర్ భార్గవ్.

మొదటిసారి ఆ కాయను చూసి నేనే అడిగాను. "రాజు గారూ, దిష్టి తీస్తున్నారా?"

"దిష్టేంటండి నవీన్ గారూ. ఇది లెవెలు."

భార్గవ్ ఫోను తీశాడు. "సార్, లెవెల్ చూసే యాప్ ఉంటది. గా నిమ్మకాయెందుకు?"

"నీ ఫోను దొర్లుద్దా?"

"దొర్లది."

"దొర్లనిదానికి వాలు గురించి ఏం తెలుసుద్దయ్యా?"

ఏ కాయ పడితే ఆ కాయ పనికిరాదు. గుండ్రంగా ఉండాలి, తొడిమ పొడుచుకు రాకూడదు. అందుకని సూపర్‌మార్కెట్లో ఒక్కొక్క కాయనూ నేల మీద దొర్లించి చూసేవారు. ఒకసారి ఒక కాయ బియ్యం బస్తాలు దాటి చేపల దాకా వెళ్లింది. కడప మనిషి ఖాదర్ హుస్సేన్ అక్కడ కూరగాయలు తూస్తాడు. అతను చాలాసేపు చూసి అడిగాడు. "సాబ్, ఇవి తినేదానికా, ఆడుకునేదానికా?"

"పడుకోడానికి," అన్నారు రాజు గారు.

ఖాదర్ హుస్సేన్ గబగబా తూచి పంపేశాడు.

ఖోర్ ఫక్కాన్ కొండల్లో ఒకసారి కాయ పదిహేడు దాకా కదల్లేదు. మేం ఊపిరి బిగపట్టాం. పద్దెనిమిది దగ్గర ఒక మేక వచ్చి, కాయను నోట కరుచుకుని, నములుతూ వెళ్లిపోయింది.

"ఖలాస్. పాసైనట్టే," అన్నాడు భార్గవ్.

"ఎలా పాసవుద్ది? ఇరవై అవలేదు కదా. లేవండి."

ఆ నిమ్మకాయకు నచ్చే చోట్లు రెండే రకాలు. ఒకటి, కార్లు నిలిపే స్థలం. రెండు, కార్లు నిలిపే స్థలం పక్కన మరుగుదొడ్ల ఎదురుగా. రెండు చలికాలాలు కొండలకు వెళ్లి మేం బంపర్లు చూస్తూ టీ తాగాం.

పరీక్ష ముగిసిన కాయ మర్నాడు సుందరి గారి పులిహోరలోకి వెళ్లేది. ఆవిడ భర్తను ఎప్పుడూ ఏమీ అనేవారు కాదు. "ఏం చేస్తాం, ఆయనంతే," అని నవ్వేవారు. నవ్వి, గాజు సామాను మోస్తున్నట్టు తనను తానే మోసుకుంటూ మెల్లగా డేరాలోకి వెళ్లేవారు.

2023 డిసెంబరు సెలవుల ముందు భార్గవ్ తిరగబడ్డాడు. మా గ్రూపులో రాశాడు: "ఈసారి కారవాన్ తెస్తున్న. చోటు నేను చూస్త. నిమ్మకాయ బంద్."

నేను బొటనవేలు ఎత్తిన బొమ్మ పెట్టాను. ఒక్కసారి లోయ చూస్తూ టీ తాగాలని నాకూ ఉంది.

గంట తర్వాత రాజు గారు మెట్లు దిగి మా ఇంటికి వచ్చారు. "పదవి పోయిందన్నమాట."

"ఒక్కసారికే కదండి."

"అయితే మా ఆవిడ రాదండి."

"ఎందుకండీ?"

"పనుందంట."

మొగుడి పరువు కోసం అలిగారనుకున్నాను. హెప్సీ పైకి వెళ్లి చాలాసేపు కూర్చుని వచ్చింది. "అక్క వస్తుంది. నిమ్మకాయ కూడా వస్తుంది. భార్గవ్ చూపించిన చోట కాయ దొర్లితే ఇంకొక్క చోటు చూద్దాం. అదీ దొర్లితే ఇక నిమ్మకాయ మాట ఎత్తరు. ఇంక అక్కని ఎక్కడికీ రమ్మని అడక్కూడదు," అంది.

చివరి మాట నాకు అర్థం కాలేదు. భార్గవ్ మాత్రం సంతోషంగా ఒప్పుకున్నాడు.

రాస్ అల్ ఖైమా దాటి జైస్ కొండ ఎక్కుతుంటే ఒక మలుపు దగ్గర కారవాన్ ఆపాడు. చక్రాల మీద చిన్న ఇల్లు. మంచాలు, పొయ్యి, ఫ్రిజ్. కిటికీ నిండా లోయ. పొద్దు వాలడానికి ఇంకా రెండు గంటలు ఉంది.

"చూడుండ్రి సార్. లోపల పండుకునేటోళ్లకు నేలతోని ఏం పని?"

రాజు గారు లోపలికి ఎక్కి, కాయను పొయ్యి పక్కన నేల మీద పెట్టారు. "ఒకటి" అనేలోపే అది బయలుదేరింది. ఫ్రిజ్ దాటింది. గుమ్మం దాటింది. ఒక మెట్టు, రెండో మెట్టు, రోడ్డు అంచు. అక్కడి నుంచి మేకల దారి పట్టుకుని కిందికి.

"యల్లా! పదండి!" అన్నారు రాజు గారు.

యాభై ఆరేళ్ల మనిషి నిమ్మకాయ వెనక పరుగెత్తడం అంతకుముందు నేను చూడలేదు. ఆయన వెనక నేను. నా వెనక, "సార్, కొత్త కాయ కొనిస్త, ఆగుండ్రి!" అంటూ భార్గవ్. అందరికంటే వెనక, హెప్సీ చెయ్యి పట్టుకుని సుందరి గారు.

కాయ రాయి మీంచి రాయి మీదికి ఎగిరింది. మట్టిలో పడింది. కొంచెం దొర్లి ఆగింది.

రాజు గారు రొప్పుతూ దాని ముందు నిలబడి లెక్కపెట్టారు. ఇరవై. కదల్లేదు.

అక్కడ కొండను అరచేతిలా చదును చేసి, అంచున రాళ్లు పేర్చి ఉంది. ఆ రాళ్ల గోడ మీద ఒక అరబ్బు ముసలాయన కూర్చుని టీ తాగుతున్నాడు. చుట్టూ ఆయన మేకలు. మమ్మల్ని చూశాడు. కాయను చూశాడు.

"శూ హాదా?" ఇదేంటి, అని.

"లైమూన్, బాబా. లెవెల్ చెక్."

ముసలాయన ఆలోచించాడు. దిగి వచ్చి, తన గాజు గ్లాసును నిమ్మకాయ పక్కన పెట్టి, వంగి చూశాడు. టీ అంచుకు అంచు సమానంగా నిలిచింది.

"జైన్," బాగుంది, అని తల ఊపాడు. వచ్చీరాని హిందీలో చెప్పాడు. "ఇదర్ మేరా దాదా గేహూ లగాతా. బారిష్ కా పానీ ఇదర్ రుక్‌తా." వాళ్ల తాత ఇక్కడ గోధుమ వేసేవాడట, వాన నీళ్లు ఇక్కడ నిలిచేవట.

"మడి!" అని అరిచారు రాజు గారు. "నవీన్ గారూ, ఇది మడండీ! మా వరిమడే! నీళ్లు నిలవడానికి చదును చేసింది. ఇంక నిమ్మకాయెందుకండి దీనికి?"

ఆయన నోట 'నిమ్మకాయెందుకు' అన్న మాట వినడం అదే మొదలు. ముసలాయన తన మడిలో పడుకోమన్నాడు. కాయను మాత్రం మేకకు అందకుండా జేబులో పెట్టుకోమన్నాడు.

భార్గవ్ కారవాన్ వదలనన్నాడు. మేం అక్కడే డేరాలు వేశాం. ఎదురుగా లోయ, ఎక్కడా బంపరు లేదు. రాజు గారి డేరా వెనక నేను మేకు కొడుతుంటే లోపలి మాటలు వినిపించాయి.

"ఏవండీ, ఇక్కడ కొండలు నిలబడ్డాయండి."

"పడుకుని చూశావా?"

"కుడిపక్కకి కూడా తిరిగి చూశా. ఏం తిరగట్లేదు."

"హమ్మయ్య."

నా సుత్తి ఆగింది. ఆయన బయటికి వచ్చి నన్ను చూశారు.

"మీరేం వినలేదు."

"విన్నానండి."

ఆయన నిట్టూర్చి పక్కన కూర్చున్నారు. ఆవిడకు చెవిలో ఏదో తేడా అట. వాలులో పడుకుంటే నిద్రలో కుడిపక్కకి ఒరిగిపోతారు. ఒరిగితే లోకం గిర్రున తిరుగుతుంది. మర్నాడంతా లేవలేరు. కొండలంటే ఆవిడకు ప్రాణం.

"చెప్తే మేం చూసుకునేవాళ్లం కదండీ."

"చూసుకుంటారండి. జాలిగా చూసుకుంటారు. రెండోసారి 'పాపం, ఆవిడకి ఇబ్బంది, ఇంట్లో ఉండనివ్వండి' అంటారు. అదే పిచ్చోడి పెళ్లామైతే, పిచ్చోణ్ణి తిట్టుకుంటూ ఇద్దర్నీ తీసుకెళ్తారు."

నేను సుత్తి కింద పెట్టి అడిగాను.

"హెప్సీకి తెలుసా?"

"నర్సమ్మకి తెలియకుండా ఉంటదాండి? మొదటిసారే పట్టేసింది."

"రెండేళ్లుగా నాతో ఒక్క మాట అనలేదే!"

"మీరు బొటనవేలు ఎత్తే రకం కదండి."

తెల్లవారి భార్గవ్ నడుము పట్టుకుని కిందికి దిగి వచ్చాడు. నిద్ర బాగా పట్టిందా అని సుందరి గారు అడిగారు. "పట్టింది ఆంటీ. మంచం మీద పండుకున్న. లేచేసరికి పొయ్యి కాడ ఉన్న."

మరుసటి నెల హత్తా వెళ్లాం. ఒక చెరువు ఒడ్డు, అందమైన చోటు. భార్గవ్ అప్పుడే కుర్చీలు వేసేశాడు. రాజు గారు కాయ పెట్టి ఇరవై లెక్కపెట్టారు. కదల్లేదు. కానీ ఆయన ముఖంలో అనుమానం ఉంది. కాయ ఒక పక్క నొక్కుకుపోయి ఉంది.

నేను నా జేబులోంచి ఇంకో కాయ తీసి దాని పక్కన పెట్టాను. ఖాదర్ హుస్సేన్ కొట్లో నేల మీద దొర్లించి మరీ తెచ్చింది. తొమ్మిది దగ్గర అది మెల్లగా కదిలింది.

"లేవండి," అన్నాను.

భార్గవ్ కుర్చీలోంచి లేవలేదు. నన్నూ, రాజు గారినీ మార్చి మార్చి చూశాడు. "ఒక్కరికే అనుకున్న. ఇది అంటురోగమా సార్?"

రాజు గారు పక్క కుర్చీ మడిచేశారు. సుందరి గారు వచ్చి వంగకుండా నిలబడి రెండు కాయలనూ చూశారు. తర్వాత నన్ను చూశారు.

"రెండు కాయలా? రేపు పులిహోర బాగా పుల్లగా ఉంటది, నవీన్ గారూ. తింటారా?"

"తింటానండి."

ఆవిడ నవ్వారు. ఇరవై లెక్కపెట్టేంత సేపు.