అక్క బావికి నీలిమందు పెట్టిన రోజు

మా తోడికోడలిని నేను అక్కా అని పిలిచేదాన్ని. వీధంతా గిలకమ్మ అనేది. నోరు బావి గిలకలాగా ఒక్క క్షణం ఆగదని మా అత్తయ్య పెట్టిన పేరు అది. అక్క పోయి పదకొండు నెలలైంది. ఇంట్లో ఇప్పుడు పొయ్యి మీద పాలు పొంగే చప్పుడు కూడా వినిపిస్తోంది.

ఊళ్లోకి వచ్చే నర్సు, వీధి బావి శుభ్రంగా ఉంచే పని అక్కకు అప్పజెప్పింది. అక్క బావి దగ్గర కొక్కెం కొట్టించి, అందరికీ కలిపి ఒక బకెట్ తగిలించింది. "నేల మీద పెట్టిన బకెట్ బావిలోకి దించకండి. దీంతో తోడి మీ దాంట్లో పోసుకోండి" అని వచ్చినవాళ్లకల్లా చెప్పేది. వింటేగా!

"మా బకెట్‌కేం రోగమే? నీ మొహంకన్నా తళతళలాడుతోంది" అనేది ఎదురింటి వదిన. అత్తయ్యైతే అక్క చూస్తుండగానే తన సొంత బకెట్ దించేది.

చివరికి వీధి పెద్ద తేల్చేశాడు. "ఆదివారం దాకా చూస్తానమ్మా. ఒక్కరూ వాడలేదంటే ఆ బకెట్ ఊడపీకిస్తా. నీ పాఠాలూ కట్టిపెట్టాలి మరి." ఆ పూట అక్క అన్నం కెలికి లేచిపోయింది.

ఆదివారం తెల్లారగానే, అందరూ బకెట్లు పెట్టే గచ్చు మీద బట్టల నీలిమందు చల్లింది. చిటికెడు చాలు. అక్కకు చిటికెడంటే ఏమిటో తెలియదు, డబ్బా బోర్లించింది. పది గంటలకల్లా బావిలో నీళ్లు నీలంగా మారాయి.

"చూశారా? మీ బకెట్ల అడుగున అంటుకుని దిగిందే ఇదంతా! రోజూ దిగే బురద మీకు కనబడలేదు, ఇవాళ రంగు కనబడింది" అని అక్క చప్పట్లు కొట్టింది. ఆ చప్పట్లు ఆవిడవి తప్ప ఇంకెవరివీ లేవు.

"పాఠం తర్వాత చెబుదువుగాని, ముందు ఈ నీళ్లు తోడి పారబొయ్యి!" అని వదిన కొంగు బిగించింది.

ఎండాకాలం కాబట్టి నీళ్లు నడుంలోతే ఉన్నాయి. తిట్టుకుంటూనే అందరం తలో చెయ్యి వేశాం. మధ్యాహ్నానికి అడుగు తేలింది. అక్క నిచ్చెన మీద దిగి, దొరికినవి ఒక్కొక్కటే పైకి పంపింది. ఒక దువ్వెన. రెండు చచ్చిన కప్పలు. ఒక మగవాళ్ల చెప్పు.

"ఎవరిదీ?" అని లోపలినుంచి అరిచింది. వీధి పెద్ద ఉన్నట్టుండి ఆకాశంలోకి చూడటం మొదలుపెట్టాడు.

తర్వాత పళ్లు తోముకునే ఎర్ర బ్రష్ వచ్చింది. నేనే పారేశానని అత్తయ్య రెండు నెలలుగా నన్ను సాధిస్తున్నది దాని గురించే.

"ఛీ, ఇన్నాళ్లూ తాగింది ఈ నీళ్లా!" అని వదిన నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. వీధి పెద్ద కొక్కెం గట్టిగా ఉందో లేదో లాగి చూసి, "ఉండనీ" అన్నాడు.

సాయంత్రానికి కొత్త నీరు ఊరింది. నర్సు ఇచ్చిన మందు అక్క అందులో కలిపింది. మర్నాడు పొద్దున్నే అత్తయ్య తన బకెట్ పక్కన పెట్టి, కొక్కేనికున్న బకెట్ అందుకోబోయింది.

"ముందు చేతులు కడుక్కోండి అత్తయ్యా" అంది అక్క.

అందరం అత్తయ్య మొహం వంకే చూశాం.

"దీని నోరు పడిపోనూ" అంటూ అత్తయ్య సబ్బు కోసం చెయ్యి చాపింది.