తొమ్మిదో డ్రయ్యర్

మా చెల్లెలు ఉషశ్రీకి శుభ్రంగా రాయడం ఒక జబ్బని తెనాలిలో ఆమె యజమాని శేషగిరిరావు నవ్వేవాడు. రైస్ మిల్లుల్లో ధాన్యం ఆరబెట్టే డ్రయ్యర్ల వేడిని కనిపెట్టి ఉండే ప్రోగ్రాం ఆయన పాతికేళ్ల కిందట సి భాషలో రాశాడు. ఆ తరవాత ఆయన రాసింది తన పేరొక్కటే, ప్రతి తెర మీదా.

అందులో డ్రయ్యర్ల వేడి అంకెలకు వరసగా ఎనిమిది గదులు. మరో పద్నాలుగు చోట్ల ఆ ఎనిమిదిని విడివిడిగా రాసి పెట్టాడు. తొమ్మిదో గదిలో పెట్టమంటే సి భాష అడ్డు చెప్పదు, పక్కవాడి గదిలో పడేసి వస్తుంది. ఉష రెండు నెలలు కూర్చుని దాన్ని తిరగరాసింది. గదుల సంఖ్య ఒక్కచోటే ఉంటుంది. వరస ఎక్కడికి వెళ్లినా ఆ సంఖ్య వెంట వెళుతుంది. లేని గది అడిగితే ప్రోగ్రాం ఒప్పుకోదు. శేషగిరిరావు తెరిచైనా చూడలేదు. నడుస్తున్నదాన్ని గెలకడం చదువుకున్నవాళ్ల పొగరన్నాడు.

రేపల్లెలో మిల్లు యజమాని పున్నారావుకు ఎనిమిది అచ్చిరాదని సిద్ధాంతి చెప్పాడు. ఆయన తొమ్మిదో డ్రయ్యర్ పెట్టించాడు. శేషగిరిరావు ప్రోగ్రాంలో ఒకే ఒక్క చోట ఎనిమిదిని తొమ్మిది చేసి పంపి, కాఫీ తెప్పించుకున్నాడు.

మర్నాడే ఉష రేపల్లె రైలెక్కింది. నేనూ వెళ్లాను. అప్పటికే ఆమె మందుల సంచి మోయడం నా పని.

డ్రయ్యర్ల పక్కన రోజంతా నిలబడే మనిషి యలమంద. ఉష డ్రయ్యర్లు ఆపమంటే పున్నారావు తడిధాన్యం లారీలు చూపించి, ఆపితే మొలకలొస్తాయని విసుక్కున్నాడు. వేడి డెబ్బై దాటితే మంట దానంతటదే ఆగుతుందని శేషగిరిరావు హామీ ఇచ్చాడట. ఉష వాదించలేదు. తొమ్మిదో డ్రయ్యర్ వేడి కొలిచే తీగను బయటికి తీయించి, యలమంద చేతిలోని పొగలు కక్కే టీగ్లాసులో ముంచింది.

తెర మీద ‘ఆపాల్సిన వేడి’ డెబ్బై కాస్తా ఎనభై ఆరయింది.

“ఇదేంటమ్మా?” అన్నాడు పున్నారావు.

“తొమ్మిదోదానికి గది లేదండి. దాని వేడి పోయి, ఎక్కడ ఆపాలన్న అంకె మీద పడుతోంది. ఇదెంత కాలితే అంతవరకూ కాలనిస్తుంది.”

ఈ లోడు అయ్యాక చూద్దామన్నాడాయన. యలమంద వెళ్లి స్విచ్చి కట్టేశాడు.

“మీరు ఇక్కడ నిలబడండయ్యా. లారీల దగ్గర నేను నిలబడతా.”

పున్నారావు డ్రయ్యర్ల వైపు చూశాడు గాని అడుగు వెయ్యలేదు. సాయంత్రానికి మిల్లు ఉష రాసిన ప్రోగ్రాంతో నడిచింది.

జబ్బు ముదిరి ఆమె పోయిన పదకొండో రోజున శేషగిరిరావు మా ఇంటికొచ్చాడు. ఆమె లాప్‌టాప్ ఎక్కడుందని అడిగాడు. మిగతా మిల్లులకూ అదే పెట్టాలట, పైన తన పేరుతో. అక్కడా డ్రయ్యర్ల పక్కన మనుషులు నిలబడతారు కనుక ఇచ్చాను.

గుమ్మం దాటబోతూ, ఇంతకీ అమ్మాయి ఏం మార్చిందో ఒక్కముక్కలో చెప్పమన్నాడు. నేను తెలుగు మేష్టారిని.

“ఎన్ని గదులున్నాయో చూసుకుని అడుగు పెట్టమందండి,” అన్నాను.

ఆయన జేబులోంచి కాగితం తీసి రాసుకున్నాడు.